నల్లగొండలో ఆ 'ఎక్స్‌పర్ట్ సుడోకు' సెట్ కొనేముందు ఇది చదవండి

గడియారం సెంటర్ దగ్గర టేబుల్ వేసి మూడు సుడోకు పుస్తకాల సెట్ అమ్ముతున్నారు. నీలం కవరు, దాని మీద 'గెస్ చేయకుండా ఎక్స్‌పర్ట్ అవ్వండి' అని పెద్ద అక్షరాలు. 750 చెప్తారు, బేరమాడితే 600కు ఇస్తారు. నేను 600 పెట్టి తెచ్చాను. మీరు తేవద్దు. కారణం కొంచెం వివరంగానే రాస్తున్నా, ఎందుకంటే ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో వస్తుంది.

పేపర్లో వచ్చే సుడోకు నాకు అలవాటే. మీడియం దాకా ఇబ్బంది లేదు, హార్డ్ దగ్గరే బండి ఆగుతుంది. మొదటి పుస్తకం పర్వాలేదు. గొడవంతా మిగతా రెండింటితో. సగం నింపేసరికి పజిల్ బిగుసుకుపోతుంది. ఎలాగో పూర్తి చేసి వెనక పేజీ చూస్తే నా జవాబు వేరు, వాళ్ల జవాబు వేరు. మళ్లీ మళ్లీ సరిచూశాను. అడ్డం వరుసలో గానీ, నిలువు వరుసలో గానీ, తొమ్మిది గళ్ల బాక్సులో గానీ నాకు ఏ అంకే రెండోసారి రాలేదు. అంటే నాదీ కరెక్టే, వాళ్లదీ కరెక్టే!

సరైన సుడోకుకు ఒక్కటే జవాబు ఉండాలి. రెండున్నప్పుడు ఎంత తెలివైనవాళ్లయినా లాజిక్‌తో తేల్చలేరు, ఎక్కడో ఒకచోట గెస్ చేయాల్సిందే. 'వెరీ హార్డ్' అని స్టార్లు వేసి వీళ్లు అమ్ముతున్నవాటిలో చాలావరకు కష్టమైన పజిల్స్ కావు, చెడిపోయినవి. మన పిల్లలేమో నాకే బుర్ర లేదనుకుని టెన్షన్ పడతారు.

టేబుల్ దగ్గర నిలబడే పట్టుకోవచ్చు. ముందే ఇచ్చిన అంకెలు లెక్కపెట్టండి. 17 కన్నా తక్కువుంటే ఆ పజిల్ పనికిరాదు. 16 అంకెలతో ఒకే జవాబున్న సుడోకు లేదని 2012లో డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్‌తో తేల్చింది. ఈ సెట్ మూడో పుస్తకంలో 15 అంకెల పజిల్స్ ఉన్నాయి, పైగా అవే గొప్ప అన్నట్టు చివర్లో పెట్టారు. అలాగని 17 దాటితే మంచిదని కాదు. అసలు అంకెలు తక్కువైతే కష్టం, ఎక్కువైతే సులువు అన్నదే సరైన లెక్క కాదు. 17 అంకెలతో సులువుగా తేలిపోయేవీ ఉంటాయి, అంతకన్నా చాలా ఎక్కువ ఇచ్చినా చుక్కలు చూపించేవీ ఉంటాయి.

తర్వాత 1 నుంచి 9 దాకా ఏ అంకెలు ఇవ్వలేదో చూడండి. ఒకటి లేకపోతే సరే. రెండు అంకెలు అసలే లేకపోతే, ఉదాహరణకు 2, 6 ఎక్కడా ఇవ్వకపోతే, జవాబులో 2 ఉన్నచోటల్లా 6, 6 ఉన్నచోటల్లా 2 రాసినా అది కూడా సరైన జవాబే. ఇంకోటి జవాబు పేజీలో చూడాలి. రెండు అడ్డం వరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు మూలల్లో పైన 4, 7, కింద 7, 4 ఉండి, ఆ నాలుగు గళ్లు రెండే బాక్సుల్లో పడ్డాయా? ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ముందే ఇచ్చిన అంకె కాకపోతే 4ని, 7ని అటూ ఇటూ మార్చినా ఏ నియమమూ తప్పదు. నాకు తేడా వచ్చిన పజిల్స్‌లో ఎక్కువ ఇలాంటివే.

టెక్నిక్స్ అని పెట్టిన పేజీలు ఇంకా అన్యాయం. ఎక్స్-వింగ్ అనే అమరిక కనబడితే 'ఒక మూల నుంచి గెస్ చేసి ముందుకు వెళ్లండి' అని రాశారు. ఎక్స్-వింగ్ ఉన్నదే గెస్ అక్కర్లేకుండా చేయడానికి. ఒక అడ్డం వరుసలో 5 రెండు గళ్లలోనే పట్టాలి, ఇంకో వరుసలోనూ సరిగ్గా అవే నిలువు వరుసల్లోని రెండు గళ్లలోనే పట్టాలి అనుకోండి. ఏ మూలలో వస్తుందో మనకు తెలియక్కర్లేదు. ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా గళ్ల నుంచి 5 కొట్టేయొచ్చు, అంతే. అది కనబడాలంటే ప్రతి ఖాళీ గడిలో పట్టగలిగే అంకెలన్నీ పెన్సిల్‌తో చిన్నగా రాసుకోవాలి. మీడియం నుంచి హార్డ్‌కు ఎక్కించేది ఎక్కువగా ఈ అలవాటే. దాని గురించి మూడు పుస్తకాల్లో ఒక్క లైను లేదు. జంటల గురించీ లేదు. ఒకే బాక్సులో రెండు గళ్లకు 3, 8 మాత్రమే మిగిలితే మిగతా గళ్లలో 3, 8 తీసేయడం ఎక్స్-వింగ్ కన్నా ముందే నేర్చుకోవాలి.

కొన్ని పజిల్స్ పాతవే తిప్పి వేశారు. పేజీని పక్కకు తిప్పి, 3 ఉన్నచోట 8, 8 ఉన్నచోట 1 అని మార్చి చూస్తే ముందు చేసినదే బయటపడుతుంది. వీడియోలకని ఇచ్చిన క్యూఆర్ కోడ్ తెరుచుకోదు.

పుస్తకాలు పట్టుకుని అడగడానికి వెళ్లాను. "అన్నా, ఒక్కోదానికి రెండు జవాబులు వస్తున్నయ్" అంటే, "మంచిదే కద సార్, రెండు తీర్ల ప్రాక్టీస్ అయితది" అన్నాడు. ఇంత తెలివి పజిల్స్‌లో పెట్టుంటే బాగుండేది. డబ్బులు వాపస్ లేదు, మార్చి ఇచ్చేదీ లేదు. చేతికిచ్చింది తెల్ల చీటీ, దాని మీద షాపు పేరు కూడా లేదు. బిల్లు ఉన్నవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు.

బ్యాంకు పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. దీనితో రీజనింగ్ మార్కులు పెరుగుతాయని మీకే ఎక్కువగా అంటగడుతున్నారు. అక్కడ అడిగేవి సీటింగ్ అరేంజ్‌మెంట్, ఫ్లోర్ పజిల్స్ లాంటివి. ఆ 600 పెట్టి పాత ప్రశ్నపత్రాలు కొనుక్కోండి. సుడోకు సరదా ఉంటే పేపర్లోది కత్తిరించి పెట్టుకోండి, ఆగిపోయినచోట మర్నాడు జవాబు చూసి ఏ గడి ఎందుకు తేలిందో వెనక్కి వెతకండి.

మిర్యాలగూడలో ఇదే సెట్ ఎర్ర కవరుతో అమ్ముతున్నారని ఒక మిత్రుడు చెప్పాడు. కనబడితే రెండో పుస్తకంలో 41వ పజిల్ తీయండి. 2, 6 ఒక్కటి కూడా లేకపోతే అదే ఇది.