జాగ్రత్త: పులిపిరి అని లేజర్‌తో కాల్పించుకునే ముందు ఇది చదవండి

మా అమ్మకు 66 ఏళ్ళు. ముక్కు పక్కన, ముక్కుపుడకకు కాస్త పైన, కందిగింజంత నల్లటి పొక్కు. ఏడాదిన్నరగా ఉంది. అంచు నిగనిగలాడేది, నడుమ చెక్కు కట్టేది. ముఖం తుడుచుకుంటే చెక్కు ఊడి తువ్వాలు మీద చుక్క రక్తం, వారానికి మళ్ళీ చెక్కు. "పులిపిరి బిడ్డా, సున్నం పెడితే పోతది" అనేది. నేనూ పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే.

పండక్కి ముందు కూకట్‌పల్లి వైపు ఒక స్కిన్ అండ్ హెయిర్ క్లినిక్ నుంచి ఫోన్‌లో ఆఫర్ వచ్చింది: పులిపిర్లు, పుట్టుమచ్చలు లేజర్‌తో తీస్తాం, మూడు సిట్టింగులు 9,500. తీసుకెళ్ళాను. తెల్లకోటు వేసుకున్నాయన ట్యూబ్‌లైట్ కింద అర నిమిషం చూశాడు. ఎన్నాళ్ళుగా ఉంది, రక్తం వస్తోందా, ఏదీ అడగలేదు. మత్తు క్రీమ్ రాసి కాల్చేశారు. గదంతా వెంట్రుక కాలిన వాసన. "టెస్టుకేమన్నా పంపుతారా?" అని నేనే అడిగాను. "ఇంత చిన్నదానికి టెస్టెందుకు మేడమ్" అన్నాడు. అసలు పంపడానికి ముక్కేది? అంతా పొగైపోయింది.

నాలుగు నెలలకు ఆ మచ్చ అంచునే మళ్ళీ నల్లగా లేచింది. "ఈ పుండు మానతలేదు" అని అమ్మే అంది. ఈసారి ప్రభుత్వాసుపత్రిలో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చేతిలో దీపం ఉన్న భూతద్దం లాంటిది పెట్టి చూసి, "దీన్ని ఎవరు కాల్చారు?" అని అడిగారు. అదే రోజు బయాప్సీ. పెన్ను మూతలాంటి పనిముట్టుతో చిన్న ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేశారు. ఒక్క కుట్టు. 8 రోజులకు రిపోర్టు: బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్.

క్యాన్సర్ అనే మాట చూసి నా కాళ్ళు వణికాయి. ఇది మెల్లగా పెరిగే రకం, వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు అని డాక్టరమ్మ చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. అలాగని వదిలేస్తే ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది, ముక్కు మృదులాస్థిని తింటుంది. మనలాంటి చామనచాయ వాళ్ళలో ఇది తరచు నల్లగా వస్తుందట. అందుకే పుట్టుమచ్చలా కనబడి మోసం చేస్తుంది.

లేజర్ చేసిన చెడుపు ఆపరేషన్ ముందు సర్జన్ చెప్తేగానీ తెలియలేదు. పైభాగం కాలింది, అడుగున ఉన్నది మచ్చ కింద దాక్కుంది. ఇప్పుడు జబ్బు ఎక్కడిదాకా ఉందో పైకి తెలియదు. ముందే తీసుంటే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి కోస్తే సరిపోయే రకం, కాల్చి మళ్ళీ వచ్చింది కాబట్టి ఎక్కువ తీయాల్సి వచ్చింది. అమ్మకు ఒక్క ముక్కలో అర్థమైంది: "పొలంల తుంగ మీద మీద చెక్కినట్టు చేసిండ్రన్నట్టు."

ఆపరేషన్ సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే మాకెవరూ చెప్పలేదు, ఊరికే భయపడి చచ్చాం. అమ్మకు పూర్తి మత్తు ఇవ్వలేదు. ముఖానికి అక్కడిమట్టుకే తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ సూది వేశారు. ఆ సూది కొన్ని క్షణాలు మంటెత్తిస్తుంది, తరువాత లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుందిగానీ నొప్పి ఉండదు. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపేయకండి, సర్జన్‌నే అడగండి. కోసిన ముక్కకు ఒక పక్క దారంతో గుర్తుకుట్టు వేశారు, ఏ వైపు పైనో ల్యాబ్‌లో తెలియడానికి. అంచులు శుభ్రంగా ఉన్నాయా అని అప్పటికప్పుడే ముక్కను గడ్డకట్టించి చూశారు, దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. ఆ అరగంట ముఖానికి గాజుగుడ్డ పెట్టుకుని అమ్మ బల్లమీద పడుకుని నర్సుతో కోడళ్ళ సంగతులు మాట్లాడిందట. ఒక అంచులో ఇంకా ఉందన్నారు, మళ్ళీ కొంచెం తీశారు.

పొరపొరగా తీస్తూ ప్రతిసారీ అంచంతా మైక్రోస్కోప్ కింద చూసే మోస్ సర్జరీ అని ఇంకో పద్ధతి ఉంది. ముఖం మీది వాటికి అదే మేలైనదంటారు, కానీ చేసేవాళ్ళు మన దేశంలో తక్కువ.

కందిగింజంత పొక్కుకు చివరికి రెండు రూపాయల బిళ్ళంత గుంట. బుగ్గ చర్మాన్నే జరిపి మూశారు. కొందరికి చెవి వెనక నుంచి చర్మం తీసి అతికిస్తారు, పెద్ద గుంటైతే నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కుకు కుట్టి, మూడు వారాలాగి విడదీస్తారు. ఈ నుదుటి పద్ధతి మన దేశానిదే, పుణె దగ్గర చేసింది చూసి 1794లో లండన్ పత్రికలో వేసుకున్నారని సర్జన్ గర్వంగా చెప్పాడు. ఆ సమయంలో నాకు గర్వపడే ఓపిక లేదు.

రెండోరోజు పొద్దున కన్ను మూసుకుపోయేంత వాపు. నేను గాభరాపడి ఫోన్ చేస్తే మామూలేనన్నారు. తలకింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టమన్నారు. రక్తం ఆగకపోయినా, చీము, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే రావాలి. ఏడోరోజు కుట్లు విప్పారు. జరిపిన చర్మం నెలల తరబడి కాస్త ఉబ్బి, తిమ్మిరిగా ఉంది. ఆరునెలలకోసారి చూపించుకోవాలి, ఒకసారి వచ్చినవాళ్ళకు ఇంకోచోట వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి.

మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "తీసిన ముక్క ఏ ల్యాబ్‌కు పంపుతారు?" జవాబు లేకపోతే లేచి వచ్చేయండి. మానని పుండు, పెరిగే మచ్చ, రంగు మారేది, రక్తం కారేది, అరికాలిలోనో గోరు కిందో కొత్తగా వచ్చిన నలుపు, వీటిలో ఏదున్నా లేజర్ మాటే ఎత్తనివ్వొద్దు. అరికాలి నలుపు మెలనోమా (ఇంకో రకం చర్మ క్యాన్సర్) అయితే అది ఎంత లోతుందన్న దాన్నిబట్టే చుట్టూ ఎంత కోయాలో లెక్కవేస్తారు, కాల్చేస్తే ఆ లెక్కే ఉండదు. "కత్తి పెడితే పాకుతుంది" అనే చుట్టాల మాట వినకండి. బయాప్సీతో పాకదు.

డబ్బుల భయముంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, కార్డు పట్టుకెళ్ళండి.

రిపోర్టు తీసుకుని ఆ క్లినిక్‌కు వెళ్ళాను. తెల్లకోటాయన లేడు, మేనేజర్ వచ్చాడు. "మేం తీసినప్పుడు క్యాన్సర్ లేదు మేడమ్" అన్నాడు. టెస్టే చేయకుండా ఎలా తెలుసు అంటే, మిగిలిన రెండు సిట్టింగుల బదులు ఫేషియల్ కూపన్ ఇస్తానన్నాడు. బిల్లు మీద డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. ముందే చూసుకోవాల్సింది. అడిగిన 72 గంటల్లో డాక్టర్ రికార్డులు ఇవ్వాలని నిబంధన ఉంది, రాతపూర్వకంగా అడిగి అందినట్టు సంతకం తీసుకున్నాను. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. కాగితాలు సర్దుతున్నాను. ఫేషియల్ కూపన్ కూడా అందులోనే పెట్టాను.