చత్వారం వచ్చిన కంటికి ఏ వ్యూఫైండర్ మేలు?

కెమెరా మనకు దృశ్యాన్ని చూపించే దారులు మూడు. లెన్స్ నుంచి వచ్చిన వెలుగునే అద్దం, ప్రిజం మీదుగా కంటికి చేర్చే ఆప్టికల్ వ్యూఫైండర్ ఒకటి. లోపలున్న చిన్న తెరను భూతద్దం గుండా చూపించే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ రెండోది. కెమెరా వెనక వైపు ఉండే మూడంగుళాల తెర మూడోది. పాతికేళ్ల కంటికి ఈ మూడింటిలో ఏదైనా పని జరిగిపోతుంది. చత్వారం వచ్చాక అలా కాదు. నా తీర్పు ముందే చెబుతాను: మంచి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌కు మొదటి స్థానం, పెద్ద ఆప్టికల్ వ్యూఫైండర్‌కు రెండో స్థానం. వెనక తెర తప్ప మరేదీ లేని కెమెరాను నలభై అయిదు దాటినవారు ఎంత చౌకగా దొరికినా కొనవద్దు.

ఎందుకో చెప్పాలంటే కంటి సంగతి కొంచెం చూడాలి. వయసుతోపాటు కంటిలోని కటకం గట్టిపడుతుంది. దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి అది ఉబ్బాలి, ఆ శక్తి ఏటా కొంత తగ్గుతూ అరవై నాటికి సుమారు ఒక డయాప్టరుకు (కటకం శక్తిని కొలిచే ప్రమాణం) చేరుతుంది. అంటే దూరపు చూపు బాగానే ఉన్న మనిషికి కూడా మీటరు కంటే దగ్గరగా ఉన్నవేవీ అద్దాలు లేకుండా తేటగా కనిపించవు. మరి వెనక తెరను మనం పట్టుకునేది ఎంత దూరంలో? ముప్పై, నలభై సెంటీమీటర్లు. చేతులు పూర్తిగా చాచినా మీటరు దాకా పోదు.

తెరతో వచ్చే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చదువుకునే అద్దాలు పెట్టుకుంటే తెర తేటపడుతుంది, ఎదురుగా ఉన్న మనిషి మసకబారతాడు. అద్దాలు తీస్తే మనిషి కనిపిస్తాడు, తెర మీద ఫోకస్ ఆయన కంటి మీద పడిందో చెవి మీద పడిందో తెలియదు. పిట్ట ఎగిరేదాకా, పిల్ల నవ్వు ఆగేదాకా అద్దాలు పెడుతూ తీస్తూ ఉండాలి. ప్రోగ్రెసివ్ అద్దాలవారి కష్టం మరో రకం. దగ్గరి చూపు అద్దం అడుగు భాగంలో ఉంటుంది కనుక, కళ్ల ఎత్తులో పట్టుకున్న తెర కనిపించాలంటే గడ్డం పైకెత్తాలి. ఒక పెళ్లంతా అలా తీసి చూడండి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పైగా తెరను స్పష్టత కోసం దూరంగా జరిపే కొద్దీ చేతులు చాచాలి, చాచిన చేతుల్లో కెమెరా వణుకుతుంది. నుదుటికి ఆనించి రెండు మోచేతులు పక్కటెముకలకు చేర్చి పట్టుకున్న కెమెరాకు ఉండే నిలకడ దానికి రాదు. ఇక ఎండలో తెర మీద మన ముఖమే కనిపిస్తుంది.

వ్యూఫైండర్ ఈ రెండు దూరాల గొడవను ఒక్కటి చేసేస్తుంది. కెమెరా కంటికి ఆనుకొని ఉన్నా, దాని కటకాలు దృశ్యాన్ని సాధారణంగా మీటరు దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి. పక్కనున్న చిన్న డయాప్టర్ చక్రం తిప్పితే ఆ దూరాన్ని మన కంటికి తగ్గట్టు ఇంకా వెనక్కి జరపవచ్చు. దాంతో అరవై ఏళ్ల కన్ను కూడా శ్రమ లేకుండా, దూరపు కొండను చూసినట్టే చూస్తుంది. ఎదుటి దృశ్యం, షట్టర్ వేగం, అపర్చర్ అంకె అన్నీ ఒకే దూరంలో ఉంటాయి. శుక్లాల ఆపరేషన్ చేయించుకొని ఒకే దూరానికి తేటగా చూపే మామూలు మోనోఫోకల్ లెన్స్ పెట్టించుకున్నవారికి ఇది మరీ అవసరం. ఆ కటకం ఉబ్బదు, ఎక్కువమందికి దాన్ని దూరపు చూపుకే అమరుస్తారు. వ్యూఫైండర్ ఉంటే కళ్లజోడు జేబులోంచి తీయకుండానే వారు ఫొటోలు తీయగలరు.

ఇంతవరకు ఆప్టికల్, ఎలక్ట్రానిక్ రెండూ సమానమే. తేడా వెలుగు దగ్గర వస్తుంది. వయసు పెరిగే కొద్దీ కంటిపాప అంతగా విప్పారదు, కటకం పసుపుబారుతుంది, రెటీనాను చేరే వెలుగు బాగా తగ్గుతుంది. ఆప్టికల్ వ్యూఫైండర్ లెన్స్ ఇచ్చిన వెలుగును మించి చూపలేదు. అపర్చర్ అంకె పెద్దదైతే వెలుగు వచ్చే దారి చిన్నదని అర్థం. 5.6 దగ్గర ఆగిపోయే జూమ్ లెన్స్ పెడితే, 2.8 లెన్స్‌తో వచ్చే వెలుగులో నాలుగో వంతే కంటికి చేరుతుంది. సాయంకాలం నీడలో అది చిన్న సొరంగంలోకి తొంగి చూసినట్టు ఉంటుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ అదే దృశ్యాన్ని పెంచి చూపిస్తుంది. మసక చీకట్లో మామూలు కంటికి ఆనవాలు పట్టని ముఖం అందులో గుర్తుపట్టేంత తేటగా ఉంటుంది, కొంచెం చుక్కలు చుక్కలుగా ఉన్నా సరే.

చేత్తో ఫోకస్ చేసే అలవాటున్నవారికి తేడా ఇంకా పెద్దది. పాత ఫిల్మ్ కెమెరాల ఫోకసింగ్ తెర మీద చిత్రం రెండుగా చీలి కలిసే ఏర్పాటు ఉండేది. ఆటోఫోకస్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో, అంటే అద్దం, ఆప్టికల్ వ్యూఫైండర్ ఉన్న డిజిటల్ కెమెరాల్లో, అది పోయింది. వాటి తెరను కాంతి ఎక్కువ కనిపించేలా తయారు చేశారు, అందువల్ల 1.4 లెన్స్ పెట్టినా అసలు ఫోకస్ ఎంత సన్నగా ఉందో అందులో తెలియదు. నేను పాత మాన్యువల్ లెన్సులను ఇష్టంగా వాడే మనిషిని. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఒక మీట నొక్కితే ఫోకస్ చుక్క ఉన్నచోటు ఎన్నో రెట్లు పెద్దదై ముందుకొస్తుంది. లెన్స్ రింగును వెంట్రుకవాసి తిప్పితే కనురెప్ప వెంట్రుకలు మసకగా మొదలై, ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడి, మళ్లీ మసకబారతాయి. ఆ మధ్య క్షణంలో షట్టర్ నొక్కాలి. ఈ పని ఆప్టికల్ వ్యూఫైండర్‌తో నా కళ్లు ఇప్పుడు చేయలేవు. తీసిన ఫొటోను కూడా అదే రంధ్రంలో చూసుకోవచ్చు, మెనూ కూడా అందులోనే తెరవచ్చు. ఫ్యూజీ కెమెరాల్లో వ్యూఫైండర్ లోపలి అంకెలను పెద్దవి చేసే అమరిక ఉంది. ఇలాంటివి అన్ని కంపెనీలూ పెట్టాలి.

అయినా ఆప్టికల్ వ్యూఫైండర్‌ను తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. పట్టపగలు మంచి పెంటాప్రిజంలో కనిపించే దృశ్యానికి సాటి లేదు. అక్కడ పిక్సెళ్లు ఉండవు, ఆలస్యం ఉండదు, నీడలోని వివరాలు నల్లగా ముద్ద కావు. ఎలక్ట్రానిక్ తెరను గంటల తరబడి చూస్తే తలనొప్పి వచ్చేవారు ఉన్నారు, వారికి ఇదే మేలు. రాత్రిపూట ఇంకో సమస్య ఉంది: వెలిగే తెర నుంచి కన్ను తీస్తే చుట్టూ కాసేపు ఏమీ కనిపించదు, వయసు కంటికి తేరుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తెర వెలుగును ఆటోలో వదలకుండా చేత్తో తగ్గించుకోవాలి. ఆప్టికల్‌నే కోరుకునేవారు ఫుల్‌ఫ్రేమ్ వైపే, అంటే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ గడి అంత సెన్సర్ ఉన్న కెమెరాల వైపే చూడాలి, లేదా పెంటాక్స్ కే-3 మార్క్ 3 లాంటి పెద్ద ప్రిజం ఉన్న కెమెరా వైపు. చవక డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ప్రిజానికి బదులు అద్దాలు పెడతారు, చిత్రం చిన్నదిగా, మసకగా ఉంటుంది.

పెట్టె మీది అంకెలు చదివేటప్పుడు ఒక మెలిక తెలియాలి. మాగ్నిఫికేషన్‌ను, అంటే వ్యూఫైండర్‌లో చిత్రం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో చెప్పే అంకెను, 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో కొలుస్తారు. కాబట్టి చిన్న సెన్సర్ కెమెరాల అంకెను నేరుగా పోల్చకూడదు, క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్‌ఫ్రేమ్ కంటే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) భాగించాలి. నికాన్ డీ7500కు 0.94 అని రాస్తే, 1.5తో భాగించగా వచ్చేది 0.63. ఫుల్‌ఫ్రేమ్ డీ850ది 0.75. అంటే అంకె చిన్నదైన డీ850లోనే చిత్రం పెద్దదిగా కనిపిస్తుంది. 2020లో వచ్చిన సోనీ ఏ7ఎస్ 3 ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఇది 0.90, తెర మీద 94 లక్షలకు పైగా చుక్కలు.

కళ్లజోడుతోనే చూసేవారికి మాగ్నిఫికేషన్ కంటే ఐపాయింట్ ముఖ్యం. వ్యూఫైండర్ కటకం నుంచి కన్ను ఎంత ఎడంగా ఉన్నా చిత్రం మొత్తం కనిపిస్తుందో చెప్పే కొలత అది. కళ్లజోడు అద్దమే కంటికి 12 నుంచి 14 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఐపాయింట్ 17 మాత్రమే అయితే మిగిలేది కొద్దిపాటి జాగా, మూలలు తెగిపోతాయి, అడుగున ఉన్న షట్టర్ అంకె కోసం కన్ను కిందికీ పైకీ జరపాలి. నికాన్ 1982లోనే ఈ బాధను గుర్తించి ఎఫ్3 హెచ్‌పీలో ఐపాయింట్‌ను 25 మిల్లీమీటర్లకు పెంచింది, అందుకు బదులుగా చిత్రం కొంచెం చిన్నదైంది. ఆ బేరం ఈనాటికీ అంతే: ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. కళ్లజోడు పెట్టుకునేవారు కనీసం 20 ఉన్నది వెతుక్కోవడం మంచిది.

కళ్లజోడు తీసేసి చక్రంతో సరిపెట్టుకోవచ్చుగా అని అడుగుతారు. దూరపు చూపు లోపం చక్రం పరిధిలో ఉంటే నిశ్చింతగా చేయవచ్చు. ఆ పరిధి చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో సుమారు -3 నుంచి +1, లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో -4 నుంచి +2 లేదా +3. అయితే సిలిండర్ పవర్ ఉన్నవారికి, అంటే ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి, చక్రం ఎంత తిప్పినా గీతలు ఒకవైపు మసకగానే ఉంటాయి. దాన్ని సరిచేసేది కళ్లజోడే.

చక్రం తిప్పే పద్ధతి కూడా ముఖ్యం. చదువుకునే అద్దాల నంబరు +2 కాబట్టి చక్రం కూడా +2 దగ్గర పెట్టాలనుకునేవారు చాలామంది. పుస్తకం 40 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, వ్యూఫైండర్ చిత్రం అంతకంటే చాలా దూరంలో ఉంటుంది. అందువల్ల దూరపు చూపు నంబరుకే చక్రం దగ్గరగా ఉండాలి. కెమెరాను లేత రంగు గోడ వైపు తిప్పి, దృశ్యాన్ని పట్టించుకోకుండా లోపలి అంకెలను, ఫోకస్ గళ్లను చూడండి. చక్రాన్ని ముందు ప్లస్ వైపు మసకబారేదాకా తిప్పి, నెమ్మదిగా వెనక్కి తెస్తూ అంకెల అంచులు పదునెక్కిన మొదటిచోటే ఆపండి. ఇంకా తిప్పితే కంటికి అనవసరపు శ్రమ. మధుమేహం ఉన్నవారికి చక్కెర హెచ్చుతగ్గులతో చూపు నంబరు మారుతుంది, బ్యాగులో రాపిడికి చక్రం కూడా తిరిగిపోతుంది. కనుక ఫొటోలకు బయలుదేరిన ప్రతిసారీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంత చెప్పినా, తెర లేని కెమెరా కొనమని నా ఉద్దేశం కాదు. నేల మీది పువ్వును తీయాలంటే మోకాళ్లు సహకరించని వయసులో పైకి తెరుచుకునే తెర గొప్ప అండ, ట్రైపాడ్ మీద తీరిగ్గా పని చేసేటప్పుడూ అంతే. వ్యూఫైండర్‌కు తోడుగా తెర ఉండాలి, తెర ఒక్కటే ఉండకూడదు. నికాన్ జెడ్50లోనూ జెడ్30లోనూ ఒకే 20.9 మెగాపిక్సెళ్ల సెన్సర్ స్థాయి, వ్యూఫైండర్ ఉన్నది మొదటి దానికే. సోనీ ఏ6400, జెడ్‌వీ-ఈ10 జోడీ కూడా అంతే. తమ్ముడి వరస కెమెరా కొంచెం తక్కువకు వస్తుందని తీసుకుంటే, మిగిలిన డబ్బుతో కంటికి కావలసింది తర్వాత అమర్చుకునే వీలు ఈ రెండింటిలోనూ లేదు.

దుకాణంలో చూసేటప్పుడు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే చూడండి. ముందు చక్రం సరిచేసుకొని, నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తున్నాయా, అడుగున ఉన్న అంకె చదవగలుగుతున్నారా గమనించండి. తర్వాత కెమెరాను గుమ్మం దాకా తీసుకెళ్లి, ఎండలో ఒకసారి, గదిలో చీకటి మూలకేసి ఒకసారి చూడండి. పది నిమిషాలు ఆపకుండా అందులోంచే చూస్తే, తలనొప్పి వచ్చే కన్నో కాదో కూడా అక్కడే తేలిపోతుంది.