లేపాక్షి, తాడిపత్రి, గండికోట: వెలుగు వెంట ఒక తిరుగుడు

మా అన్న కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. దాని ప్రాజెక్టు డొనాల్డ్ జడ్ అనే అమెరికన్ శిల్పి మీద. టెక్సస్‌లోని మార్ఫా అనే చిన్న ఊళ్లో, పాత సైనిక స్థావరం షెడ్లు రెండింటిలో ఈయన వంద అల్యూమినియం పెట్టెలు పెట్టాడు. 1982 నుంచి 1986 దాకా సాగిన పని. బయటి కొలతలు అన్నిటికీ ఒకటే: 41, 51, 72 అంగుళాలు. లోపల మాత్రం ఏ రెండూ ఒకటి కావు. ఒకదాంట్లో రేకు అడ్డంగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఏటవాలుగా. షెడ్ల పాత తలుపులు తీయించి పెద్ద పెద్ద కిటికీలు పెట్టించాడు కాబట్టి పొద్దు జరిగేకొద్దీ పెట్టెల రూపమూ మారుతుందట.

మార్ఫా దాకా పోయే స్తోమత మనకెక్కడిది? "చిన్నాయనా, ఇట్లాంటిది మన పక్క రాతిలో ఏమీ లేదా?" అని అడిగింది. అనంతపురంలో కారు మాట్లాడుకుని బయలుదేరాం.

ముందు లేపాక్షి. జిల్లాల విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది గానీ, మా నోటికి ఇంకా అనంతపురమే. వచ్చినవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, ఫోటో దిగి వెళ్లిపోతున్నారు. మాకు కావలసిన సరుకు లతామంటపంలో ఉంది. స్తంభాల తీరు ఒకటే, వాటి ముఖాల మీద డిజైన్లు మాత్రం మారిపోతుంటాయి. లేపాక్షి డిజైన్లని చీరల అంచుల్లో వేసేవి ఇవే. చెక్కుడు లోతు తక్కువ. మధ్యాహ్నం వెళ్తే రాయి చదునుగా, గీతలు గీసినట్టు కనిపిస్తుంది, అప్పుడు చూసి పెదవి విరిస్తే తప్పు మనదే. సాయంత్రం నాలుగు దాటాక ఎండ పక్కనుంచి తగిలింది. ప్రతి తీగకూ ఒక వైపు సన్నటి నల్లంచు లేచింది. పొద్దున ఒకేలా అనిపించిన రెండు గళ్లలో ఒకదాని మెలిక కుడికి, ఇంకోదానిది ఎడమకు తిరిగి ఉందని అప్పుడు గానీ తెలియలేదు. పిల్ల బొమ్మలు గీయడం మానేసి చూస్తూ నిలబడింది.

బస విషయానికొస్తే, మేం హిందూపురంలో దిగిన లాడ్జిలో గీజరు పనిచేయలేదు, అడిగితే బకెట్లో వేడినీళ్లు పంపారు. లేపాక్షిలోనే టూరిజం వాళ్ల హోటల్ ఉంది. గది దొరికితే అక్కడే దిగండి, పొద్దున్నే గుడికి పోవచ్చు.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. పైకి లేవకుండా ఆగిపోయిన గోపురాలకు అడుగు నుంచే ఖాళీ లేని చెక్కుడు. నాకు నోట మాట రాలేదు, దానికేమో గజిబిజిగా తోచింది. దాన్ని ఆపింది ఊరి బయట పాలిష్ యూనిట్ల ముందు నిలబెట్టిన నాపరాతి బండలు. ఒకే సైజు, ఒకే మందం, అంచుల మీద మాత్రం ఎండ. "జడ్ కూడా చేత్తో చేయలేదు, ఫ్యాక్టరీలో చేయించాడు" అంది. లారీకెక్కే సరుకును కళ అంటే నాకు మింగుడుపడదు గానీ, ఆ పక్క హోటల్లో ఉగ్గాని బజ్జీ మాత్రం బాగుంది.

గండికోటలో జనమంతా లోయ అంచుకే పరిగెడతారు. జామియా మసీదు ఆవరణ ఖాళీగా ఉంటుంది. చుట్టూ వరసగా కమానులు, పొద్దుటి నీడలు నేలమీద అదే వరసలో. అరగంట చాలు. శనాదివారాల్లో టెంట్లలో పాటల గోల, నిద్ర కష్టం. భోజనం పదిహేను కిలోమీటర్ల ఇవతల జమ్మలమడుగులోనే కానిచ్చుకుని వెళ్లడం మేలు.

ఒక్కరోజే వీలైతే లేపాక్షికే ఓటేస్తాను. గుళ్లో చెప్పులు వదలాలి, ఎండాకాలం బండలు కాలిపోతాయి, సాక్సులు వెంట పెట్టుకోండి.