ఫహీటా రైస్ బౌల్‌కి ఏ మాంసం మేలు: స్కర్టా, ఫ్లాంకా, సర్లాయినా?

ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనంగా స్టేక్ ఫహీటా రైస్ బౌల్ (మసాలా పట్టించి కాల్చి సన్నగా కోసిన బీఫ్‌ని ఉల్లి, క్యాప్సికంతో అన్నం మీద వేసుకునే వంటకం) చేయాలనుకుంటే, మసాలా కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీ ఇంట్లో మాంసం ఎంతవరకు కాలితే తింటారు? లోపల గులాబీ రంగు కనిపిస్తే పళ్ళెం పక్కకు జరిపేవాళ్ళు ఉన్నారా, లేక మీడియం రేర్‌కి, అంటే లోపల ఎర్రగా ఉండగానే దించేసిన మాంసానికి, అలవాటు పడ్డారా? ఏ ముక్క కొనాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. ఫహీటా అనగానే చాలామంది ఫ్లాంక్ స్టేక్ కొనమంటారు. మీడియం రేర్ తినేవాళ్ళకి అది మంచి సలహానే. ఎరుపు బొత్తిగా కనిపించకూడదనే ఇంట్లో మాత్రం ఆ ఫ్లాంకే నమిలినా తెగని ముక్కలవుతుంది. మన తెలుగు ఇళ్ళల్లో బీఫ్ తినేవాళ్ళు ఎక్కువమంది ఈ రెండో రకమే. అందుకే నా ఓటు స్కర్ట్ స్టేక్‌కి.

అసలు ఫహీటా మొదలైందే స్కర్ట్‌తో. టెక్సస్ దక్షిణాన, రియో గ్రాండే లోయలోని పశువుల రాంచ్‌లలో 1930ల ప్రాంతంలో పనిచేసిన మెక్సికన్ కాపరులకు, జీతంలో భాగంగా గిరాకీ లేని భాగాలు ఇచ్చేవారు. తల, పేగులు, డొక్కల లోపలి పల్చటి స్కర్ట్ కండ. వాళ్ళు ఆ కండని నిప్పుల మీద కాల్చి, సన్నగా కోసి, టోర్టియా అనే పల్చటి రొట్టెలో పెట్టుకుని తిన్నారు. 1969లో ఆస్టిన్ దగ్గరి కైల్ అనే ఊళ్ళో జరిగిన ఒక పండగలో సోనీ ఫాల్కన్ అనే మాంసం వ్యాపారి ఫహీటా టాకోలు అమ్మాడు. వ్యాపారంగా అమ్మడం అక్కడే మొదలైందంటారు. 1973లో నిన్ఫా లారెంజో హ్యూస్టన్‌లోని నావిగేషన్ బులెవార్డ్‌లో పెట్టిన చిన్న హోటల్ ఈ రుచిని నగరానికి అలవాటు చేసింది. 1980లు వచ్చేసరికి చుర్రుమంటూ పొగలు కక్కే ఇనుప పళ్ళెం అమెరికా అంతా తిరిగింది. దాంతో కాపరుల వాటాకి వచ్చిన ముక్క ధర పైకెక్కింది. ఇప్పుడు చాలా దుకాణాల్లో స్కర్ట్ ఫ్లాంక్‌తో సమానంగానో, ఇంకా ఎక్కువగానో పలుకుతుంది. టోర్టియా తీసేసి అన్నం మీద వడ్డించుకోవడం మాత్రం ఆ తర్వాతి అలవాటు. 1993లో డెన్వర్‌లో మొదలైన చిపోట్లే లాంటి హోటళ్ళే దాన్ని ఇంటింటికీ తెచ్చాయి.

ఇక మూడు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

స్కర్ట్ పొడుగ్గా, పల్చగా పట్టీలా ఉంటుంది. పీచు ముతక. ఆ పీచుల మధ్య కొవ్వు బాగా ఉంటుంది, రుచంతా అక్కడే. ఇందులో రెండు రకాలు. ఔట్‌సైడ్ స్కర్ట్ వెడల్పు తక్కువగా, కాస్త మందంగా, మెత్తగా ఉంటుంది. అది ఎక్కువగా హోటళ్ళకే పోతుంది. మనకి మామూలుగా దొరికేది ఇన్‌సైడ్ స్కర్ట్. ఇది వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. పైన తెల్లటి పొర మిగిలి ఉంటే కత్తి మొనతో లేపి లాగేయండి. అది ఎంత కాల్చినా మెత్తబడదు. కొవ్వు, పొర తీశాక కొంత బరువు తగ్గుతుంది కాబట్టి నలుగురికి ఒకటిన్నర పౌండు చాలనుకుంటే ఇంకొంచెం ఎక్కువే కొనాలి.

ఫ్లాంక్ పొట్ట భాగంలోది. వెడల్పుగా, చదునుగా ఉంటుంది, మధ్యలో అంగుళం దాకా మందం. కొవ్వు తక్కువ. శుభ్రం చేసే పని దాదాపు ఉండదు, వృథా కూడా లేదు. పీచు పొడవునా తిన్నగా సాగుతుంది కాబట్టి ఏ వైపు కోయాలో కొత్తవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఇన్ని సుగుణాలున్నా మీడియం దాటితే నీరంతా పోయి బిగుసుకుపోతుంది.

టాప్ సర్లాయిన్ వెనక నడుం వైపు కండ. పీచు సన్నం, ముక్క మెత్తన, ఎక్కడైనా దొరుకుతుంది, తరచుగా డిస్కౌంట్‌లో ఉంటుంది. కానీ స్కర్ట్‌లో ఉండే గాఢమైన మాంసపు రుచి ఇందులో లేదు. మసాలా రుచే పైకి తేలుతుంది. పిల్లలకి నమలడం తేలిక గనుక చిన్నపిల్లలున్న ఇంట్లో దీన్ని తీసిపారేయలేం. మెక్సికన్ మాంసం దుకాణాల్లో ‘రాంచేరా’ పేరుతో పల్చగా కోసి అమ్మే ఫ్లాప్ మాంసం (సర్లాయిన్ కింది వైపు పల్చటి కండ) కూడా చూడండి. స్కర్ట్ దొరకని రోజున నేను ఫ్లాంక్ కంటే ముందు దాన్నే తీసుకుంటాను. ‘ఫహీటా కోసం’ అని లేబుల్ వేసి, ముందే ముక్కలు చేసి మసాలా పట్టించి అమ్మే ప్యాకెట్లతో ఒక ఇబ్బంది ఉంది. అది ఏ భాగమో లేబుల్ మీద రాయకపోతే కనిపెట్టలేం.

కాలడం దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు తేడా ఇక్కడే. బీఫ్‌తో చేసే హైదరాబాద్ కల్యాణి బిర్యానీ తిన్నవాళ్ళకి తెలుసు, మన వంటలో పెద్ద మాంసం అంటే చాలాసేపు ఉడకాల్సిందే. కండని పట్టి ఉంచే గట్టి పొరలు నిదానంగా, తడి వేడిలో కరిగి మెత్తబడతాయి. స్టేక్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పొరలు బిగుసుకునేలోపే, నిమిషాల్లో పెనం మీంచి తీసేస్తాం. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగినా మాంసం గట్టిగానే ఉంటుంది. ‘ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదాం, మెత్తబడుతుంది’ అనుకోవడం కూరకి పనికొస్తుంది, స్టేక్‌ని చెడగొడుతుంది. కైమా కొట్టని బీఫ్‌కి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే హద్దు 145 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 63 సెల్సియస్, ఆపైన మూడు నిమిషాల విరామం. అక్కడ లోపల ఇంకా కొంచెం గులాబీ రంగు ఉంటుంది. అది కూడా వద్దనేవాళ్ళ కోసం 160 దాకా తీసుకెళ్తే ఫ్లాంక్, సర్లాయిన్ ఎండిపోతాయి. స్కర్ట్‌కి లోపల కొవ్వు ఉంది, ముక్క పల్చన, కాబట్టి తట్టుకుంటుంది. సన్నగా కోస్తే బాగా కాలిన స్కర్ట్ కూడా అన్నంలో హాయిగా తినగలం. అరచేతిలో పట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, గులాబీ రంగు మీద ఇంట్లో జరిగే వాదనలకి అదే జవాబు చెబుతుంది.

ముందే ముక్కలు కోసి వేయించడమా, అలాగే కాల్చి తర్వాత కోయడమా? మన చేతికి మొదటిదే అలవాటు. వేపుడైనా కూరైనా ముందు ముక్కలు చేస్తాం. ఫహీటాకి ఇది నష్టం. ఒకటిన్నర పౌండు ముక్కలు ఒకేసారి పెనంలో పడితే నీళ్ళు వదులుతాయి, ఆ నీటిలోనే ఉడికి బూడిద రంగులోకి తిరుగుతాయి. అంచులు నల్లబడి కమ్మగా మాడిన ఆ రుచి రాదు. పెద్ద ముక్కగా కాల్చి, ఐదు నిమిషాలు పక్కన పెట్టి, ఆపైన కోయడమే మేలు. సర్లాయిన్‌కి మాత్రం సడలింపు ఇవ్వొచ్చు. అరగంట ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక పల్చగా కోసి, మూడు విడతలుగా వేయిస్తే బాగానే వస్తుంది.

కోసేటప్పుడు పీచుకి అడ్డంగా కోయాలన్న మాట అందరూ చెబుతారు. స్కర్ట్ దగ్గర చాలామంది తడబడతారు, ఎందుకంటే దాని పీచు పట్టీ పొడవునా కాకుండా వెడల్పు వైపు సాగుతుంది. ముందు పట్టీని మూడు నాలుగు అంగుళాల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కని పక్కకి తిప్పి, అప్పుడు పావు అంగుళం మందాన కోయాలి. ఫ్లాంక్‌కి ఈ తిప్పడం అక్కర్లేదు, వెడల్పు వైపు తిన్నగా కోసుకుపోవచ్చు. బౌల్‌లో చెంచాతో తింటాం కాబట్టి ముక్కలు చిన్నగానే ఉండాలి. టోర్టియాలోకైతే పొడుగు ముక్కలు సరిపోతాయి, అన్నంలో అవి చెంచాకి అందవు.

మసాలా నానబెట్టడానికి ఒకటిన్నర పౌండుకి రెండు పచ్చటి లైముల రసం, రెండు చెంచాల నూనె, రెండు చెంచాల సోయా సాస్, మూడు వెల్లుల్లి రెబ్బలు దంచినవి, చిన్న చెంచా జీలకర్ర పొడి, ఒకటిన్నర చిన్న చెంచాల చిల్లీ పౌడర్, కాస్త మిరియాల పొడి. అమెరికా దుకాణాల్లో చిల్లీ పౌడర్ అంటే తక్కువ కారం ఉండే మిరపకాయలకి జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపిన మిశ్రమం. దాని బదులు ఇంట్లో ఉన్న గుంటూరు కారం అదే కొలతలో వేస్తే పిల్లలు తినలేరు. మన కారం పావు చెంచా చాలు, రంగుకి కశ్మీరీ మిరప్పొడి లేదా పాప్రికా కలపొచ్చు. సోయా సాస్‌లో ఉప్పు ఉంది, విడిగా వేసే ముందు ఆలోచించండి. స్కర్ట్ పల్చన కాబట్టి అరగంట నుంచి రెండు గంటలు చాలు. రాత్రంతా లైమ్ రసంలో ఉంచితే పైభాగం పిండిలా మెత్తబడి, పెనం మీద రంగు పట్టదు. ఫ్లాంక్‌ని రాత్రే నానబెట్టాలంటే లైమ్ తప్ప మిగతావన్నీ పట్టించి, రసం మర్నాడు సాయంత్రం కలపండి.

పొయ్యి విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు. బరువైన ఇనుప పెనమే మేలు. ఐదు నిమిషాలు బాగా కాగి సన్నగా పొగ లేచాక, మాంసం మీది తడిని పేపర్ టవల్‌తో అద్ది వేయాలి. ఇన్‌సైడ్ స్కర్ట్‌కి ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు, ఫ్లాంక్‌కి నాలుగైదు. నాన్‌స్టిక్ పెనం అంత వేడికి తగదు. ఓవెన్‌లో మాంసం, కూరగాయలు ఒకే ట్రేలో పరిచి పెట్టేయడం పని తక్కువే, కానీ మాంసం కాలే బదులు ఆవిరికి ఉడుకుతుంది. ఆ ట్రేని ఉల్లిపాయలకీ క్యాప్సికంకీ వదిలేసి మాంసాన్ని పెనం మీద కాల్చుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి. బొగ్గుల గ్రిల్ రుచికి ఇవేవీ సాటిరావు. పెరడు ఉంటే శనివారం అదే చేయండి. చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బొగ్గుల గ్రిల్ పెట్టనివ్వరు, పైగా వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి నిప్పు రాజేసే ఓపిక ఎవరికుంటుంది? పెనంతో వచ్చే టెన్షన్ ఒక్కటే, పొగ అలారం. వెంట్ ఫ్యాన్ వేసి, కిటికీ తీసి మొదలుపెట్టండి.

అన్నానికి సోనా మసూరి వద్దంటాను. రోజూ తినే బియ్యమే అయినా, సాల్సా నీరు, బీన్స్ పులుసు, మాంసం ఊట కలిసేసరికి ముద్దవుతుంది. అమెరికన్ లాంగ్ గ్రెయిన్ పొడిగా నిలుస్తుంది, తనకంటూ ఘాటైన వాసన లేదు, టెక్స్-మెక్స్ (టెక్సస్, మెక్సికో వంటలు కలిసిన) హోటళ్ళలో ఉండేదీ ఇదే తరహా. బాస్మతి ఇంకా పొడిగా వస్తుంది, వాసన మాత్రం జీలకర్రతో కాస్త పోటీపడుతుంది. బిర్యానీ కోసం బస్తా ఎలాగూ ఇంట్లో ఉంటుంది కాబట్టి కొత్త బియ్యం కొనకుండా బాస్మతితో కానిచ్చేయొచ్చు. హ్యూస్టన్ దగ్గరి ఆల్విన్‌లో పుట్టిన టెక్స్‌మతి అనే బాస్మతి తరహా బియ్యం కూడా దొరుకుతుంది. 1997లో బాస్మతి రకాల మీద అమెరికా పేటెంటు తీసుకుని, భారత్ అభ్యంతరం చెప్పాక అందులో చాలా భాగం వదులుకున్న రైస్‌టెక్ కంపెనీదే మొదట ఆ బియ్యం. ఏ బియ్యమైనా బిర్యానీ ఆకు, ఉప్పు వేసిన నీళ్ళలో పలుకుగా ఉడికించి వార్చండి. నిమ్మకాయ పులిహోరకి చేసినట్టే లైమ్ రసం దించాకే కలపాలి, పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. సన్నగా తరిగిన కొత్తిమీర, చెంచా నూనె, అంతే. పోపు, పసుపు జోలికి పోవద్దు.

పైన వేసుకునేవాటికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. బ్లాక్ బీన్స్ డబ్బావి చాలు, టమాటా సాల్సా ఇంట్లో తరిగిందే బాగుంటుంది, అవకాడో పండిందై ఉండాలి. సోర్ క్రీమ్ బదులు గట్టి పెరుగు వేసుకుంటే తేడా పెద్దగా తెలియదు.

బీఫ్ తిననివాళ్ళు ఉన్న ఇంటికి బౌల్ పద్ధతి చాలా నప్పుతుంది. అన్నం, బీన్స్, సాల్సా అందరికీ ఒకటే, మాంసం ఎవరిది వాళ్ళకే. చికెన్ థైస్‌కి ఇదే మసాలా సరిపోతుంది, లోపల 165 ఫారెన్‌హీట్ డిగ్రీలు రావాలి. శాకాహారులకి పనీర్ గానీ పోర్టబెల్లా పుట్టగొడుగులు గానీ. ఇక్కడ మర్యాదగా పాటించాల్సింది వంట వరస. ఉల్లి, క్యాప్సికం, పనీర్ ముందు వేయించి తీసి మూత పెట్టేయాలి, ఆపైన చికెన్, చివర్న బీఫ్. ‘బీఫ్ ఊటలో వేయిస్తే కూరగాయలకి రుచి వస్తుంది’ అన్నది నిజమే, కానీ అందరూ బీఫ్ తినే ఇంట్లోనే అలా చేయాలి. వేరే పెనం, వేరే గరిటె ఉంటే ఇంకా మంచిది. మసాలా పట్టించిన గిన్నె, కత్తిపీట కూడా వేరుగా పెట్టి ఆ సంగతి వాళ్ళకి ముందే చెబితే భోజనం దగ్గర ఎవరూ అనుమానంగా గిన్నెల వైపు చూడరు.

మిగిలితే అన్నాన్నీ మాంసాన్నీ విడివిడిగా, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మాంసం మిగులుతుందని తెలిస్తే ఆ ముక్కని కోయకుండా అలాగే దాచండి. మర్నాడు లంచ్ బాక్స్‌కి చల్లగా ఉన్నప్పుడే పల్చగా కోసి, అన్నాన్ని మాత్రం బాగా వేడిచేసి, ముక్కల్ని దాని మీద పరిచి మూత పెట్టండి. మైక్రోవేవ్‌లో నేరుగా పెడితే స్కర్ట్ కూడా గట్టిపడుతుంది.