కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? రాత్రిపూట నడిచే జాబ్‌ను ఒకసారి చెడగొట్టి చూడండి

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఈ సీజనుకు ముందు 65 వేలకు ఒక స్టాకు సాఫ్ట్‌వేర్ కుదుర్చుకుని 45 వేలు ఇచ్చాం. అమ్మినవారి పేరు రాయను, ఆ గొడవ నాకొద్దు. "రోజూ రాత్రి పదకొండున్నరకు లెక్కలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, మీరు తాళం వేసుకుని వెళ్లిపోవచ్చు" అన్నారు. అలాగే వెళ్లిపోయేవాళ్లం.

ఏప్రిల్‌లో ఒక రైతు వచ్చారు. మా దగ్గర 62 బస్తాల తేజ రకం మిర్చి పెట్టారు. చేతిలో బాండు (సరుకు దించినప్పుడు మేమిచ్చే చీటీ) ఉంది. కంప్యూటరులో మాత్రం ఆయన పేరే లేదు. మూడుసార్లు వెతికాను. ఆయన గొంతు పెంచలేదు. బాండును బల్లమీద నా వైపు తిప్పి పెట్టి, "చీటీ మీది, సంతకం మీది, కంప్యూటరూ మీదే. బస్తాలు మాత్రమే కదండీ నావి" అన్నారు. ఛాంబరులోకి వెళ్లి చూస్తే రెండో అంతస్తులో 62 బస్తాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సరుకు ఉంది, లెక్క లేదు. మన వ్యాపారంలో తగాదాలు సాధారణంగా దీనికి తలకిందులుగా వస్తాయి!

విజయవాడలో డేటాబేస్ పని చేసే మా మేనల్లుడిని ఆదివారం పిలిపించాను. రాత్రి దానంతటదే నడిచే పనిని జాబ్ అంటారు. దాని ఆదేశాలు రాసిన స్క్రిప్టులో నాలుగు అంచెలున్నాయి: ఆనాటి ఎంట్రీలను లెడ్జరు టేబుల్‌లోకి ఎక్కించడం, అద్దె, హమాలీ లెక్కగట్టడం, ఆనాటి టేబుల్‌ను ఖాళీ చేయడం, బ్యాకప్ తీయడం. చదివి నవ్వాడు. "మామయ్యా, మొదటిది జరిగిందో లేదో మూడోది అడగడమే లేదు" అన్నాడు.

ఎంట్రీ తెరలో లాట్ నంబరుకు 20 అక్షరాలు పడతాయి, లెడ్జరులో 12 మాత్రమే. కొత్త గుమాస్తా లాట్ నంబరుకు ఛాంబరు, అంతస్తు కూడా తగిలించి 14 అక్షరాలు కొట్టాడు. ఒక్క వరుస పట్టకపోయినా ఎక్కించే ఆదేశం మొత్తం విఫలమవుతుంది. ఆ రోజు 41 ఎంట్రీలుంటే ఒక్కటీ ఎక్కలేదు. అయితే ఈ లెక్కలు దాచే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి తప్పు వస్తే, వేరే ఏర్పాటు చేయనప్పుడు, ఆగేది ఆ ఒక్క ఆదేశమే. దాని కిందిది తన పని తాను చేసుకుపోతుంది. ఆనాటి టేబుల్‌ను ఖాళీ చేసే డిలీట్ ఆదేశం అలాగే చేసుకుపోయింది. బ్యాకప్ రోజూ ఒకే ఫైలు మీద రాస్తోంది కాబట్టి పాతదీ మిగల్లేదు. మేము కనుక్కునేసరికి 9 రోజులు గడిచాయి.

నాకు ఒళ్లు మండింది మరో చోట. జాబ్‌ను వేళకు మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఆ రాత్రి ఫలితం కూడా సున్నా, అంటే విజయవంతం! ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో జాబ్‌లు నడిపే ఏజెంట్ ఉండదు, అందుకే స్క్రిప్టును సర్వర్‌కు పంపే ఎస్‌క్యూఎల్‌సీఎండీ (sqlcmd) అనే పనిముట్టుతో నడిపారు. అందులో తప్పు లేదు. కానీ దానికి 'మైనస్ బీ' (-b, తప్పు వస్తే ఆగి ఆ సంగతి బయటికి చెప్పమనే గుర్తు) తగిలించకపోతే లోపల ఏం విరిగినా బయటికి సున్నా అనే చెబుతుంది.

మావాడు చెప్పిన మందు ఇది. మొదటి మూడు అంచెలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్ట) ఉండాలి, పైన 'ఎక్సాక్ట్ అబార్ట్' (XACT_ABORT, తప్పు వస్తే ఆ కట్ట మొత్తాన్ని రద్దు చేసే అమరిక) ఆన్ చేయాలి, 'మైనస్ బీ' కూడా ఉండాలి. ఒకటి ఉంటే చాలదా అని అడిగాను. చాలదట. ఎక్సాక్ట్ అబార్ట్ ఒక్కటే ఉంటే, చేసినదంతా వెనక్కి తిరుగుతుంది. కానీ మధ్యలో 'గో' (GO, స్క్రిప్టును ముక్కలుగా విడగొట్టి పంపే గీత) ఉంటే దాని తరువాతి భాగం మళ్లీ మొదలై డిలీట్ నడిచిపోతుంది. 'మైనస్ బీ' ఒక్కటే ఉంటే, 'గో' దాకా ఉన్న ముక్క అప్పటికే సర్వర్‌కు చేరి ఉంటుంది, అందులోని డిలీట్ నడిచిపోతుంది. బ్యాకప్ ట్రాన్సాక్షన్ లోపల నడవదు, దాన్ని బయట పెట్టి ఫైలు పేరులో తేదీ వేయాలి.

కంపెనీకి ఫోను చేస్తే, "మీ గుమాస్తా తప్పు కొట్టాడండీ" అన్నారు. పరీక్షిస్తామని మధ్యాహ్నం దూరం నుంచే జాబ్ నడిపారు. రాత్రి అది తన వేళకు మళ్లీ నడిచింది. పొద్దున సరుకు దించిన రైతులకు అద్దె, హమాలీ రెండుసార్లు పడ్డాయి. ఇప్పటికే లెక్కగట్టిన ఎంట్రీనా అని చూసే ఒక్క షరతు కూడా స్క్రిప్టులో లేదు.

కాబట్టి కొనబోయేవారు డబ్బు చేతికివ్వకముందే నకలు డేటాబేస్‌లో పొడవైన లాట్ నంబరు ఒకటి కొట్టి జాబ్ నడిపించండి. ఆనాటి టేబుల్ ఖాళీ అయితే అక్కడే లేచి వచ్చేయండి. ఖాళీ కాకపోతే నంబరు సరిచేసి రెండుసార్లు నడిపించి, అద్దె, హమాలీ రెండుసార్లు పడ్డాయేమో చూడండి. ఏజెంట్ ఉన్న ఎడిషన్ అని చెబితే అంతటితో ఊరుకోవద్దు: అందులో ఒక్కో స్టెప్పు విడి కనెక్షన్‌లో నడుస్తుంది, ఒక స్టెప్పులోని ట్రాన్సాక్షన్ తరువాతి దానికి కాపలా కాయదు. స్టెప్పు విఫలమైతే జాబ్ అక్కడే ఆగేలా పెట్టారో లేదో తెరిపించి చూడండి.

గేటు పాసులు ముందేసుకుని ఆ 41 ఎంట్రీలనూ మళ్లీ కొట్టాం. చివరి విడత 20 వేలు ఆపాం. దానికోసం వారి నుంచి రోజూ ఫోను వస్తోంది. స్క్రిప్టు సరిచేసి, నా ఎదుట 14 అక్షరాల లాట్ నంబరుతో నడిపి చూపించి తీసుకెళ్లమన్నాను. ఇంకా రాలేదు. అందాకా ఎర్ర అట్ట రిజిస్టరులో కూడా రాస్తున్నాం.