యాక్సిడెంట్ క్లెయిమ్: లాయర్‌ని పెట్టుకోవాలా, మనమే చూసుకోవాలా? ఏది మేలు?

మా బావమరిది ఆటో నడుపుతాడు. కారు గుద్ది కాలు విరిగింది. ఆపరేషన్ అయిన మర్నాడే మంచం దగ్గరికి ఒకాయన వచ్చాడు. "సంతకం పెట్టండి చాలు, ఖర్చంతా మాదే. వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇద్దురుగాని" అన్నాడు. మా అత్తగారు అప్పటికే పెన్ను వెతుకుతున్నారు. ఎలాగో ఆపాను.

అసలు లాయర్ లేకపోతే కేసే లేదనుకోవడం పొరపాటు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కి (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు), గుద్దిన బండి ఇన్సూరెన్స్ కంపెనీకి తొలి నివేదిక పంపాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. దాన్నే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. అయినా అది కదిలిందా లేదా అని స్టేషన్‌కి వెళ్లి కనుక్కోవాల్సింది మనమే. దరఖాస్తుకి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే. దానిమీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడిచిన మాట నిజమే కానీ, అది చూసుకుని కూర్చోవద్దు.

నాలుగు కుట్లు, రెండు వారాల సెలవు, చేతిలో బిల్లులు. ఇంతవరకే అయితే లాయర్ అక్కర్లేదనే అంటాను. కంపెనీతో మాట్లాడుకోవచ్చు, కేసులు రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు. ఒక్కటే మెలిక, లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. కాలులో రాడ్ ఇంకా తీయాల్సి ఉండగా సంతకం పెడితే, ఆ రెండో ఆపరేషన్ ఖర్చు మన నెత్తినే పడుతుంది.

ఇంకో దారి, తప్పెవరిదో నిరూపించక్కర్లేని పరిహారం. తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ అది పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దయిపోతుంది.

ఎంత వదులుకుంటున్నామో లెక్క వేస్తే తెలుస్తుంది. 32 ఏళ్ల మనిషి, నెలకి 15,000 సంపాదన. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం, ఆ వయసుకి సుప్రీంకోర్టు 2009లో ఖరారు చేసింది 16, అంటే 40,32,000. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఆ పద్దు కిందే 8,06,400. వైద్యం ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరే. ఆ 20 శాతాన్ని నిలబెట్టడమే కష్టం. వైకల్యం ఇంత శాతం అని సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. పే స్లిప్ లేనివాడి ఆదాయం రుజువు చేయాలి. "ఆటోదే తప్పు" అని కంపెనీ లాయర్ వాదిస్తే ఎదుర్కోవాలి. ఇవి మనవల్ల అయ్యే పనులు కావు. శాశ్వతంగా లోపం మిగిలినా, మనిషి పోయినా, గుద్దిన బండికి ఇన్సూరెన్సే లేకపోయినా లాయర్ ఉండాల్సిందే.

అలాగని ముప్పై శాతం ఎందుకివ్వాలి? వచ్చినదాంట్లో వాటా మాట్లాడుకోవడాన్ని లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవు. జరుగుతూనే ఉంది, అది వేరే సంగతి. ఫీజు ముందే ఇంత అని తేల్చుకుని, పరిహారం బాధితుడి ఖాతాలోనే పడేలా చూసుకోండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. అక్కడ దొరికే లాయర్ ఎంత శ్రద్ధ పెడతారన్నది కొంత అదృష్టమే, అయినా ముందు అడగాల్సిన చోటు అదే.

మేం ఇద్దరు లాయర్లని కలిశాం. మొదటాయన పది లక్షలు గ్యారంటీ అన్నాడు. రెండో ఆవిడ బిల్లుల సంచీ ముట్టుకోకముందే అడిగింది:

"ఏ కాలమ్మా విరిగింది?"

"కుడికాలండీ" అన్నారు అత్తగారు.

"ఆటో బ్రేకు తొక్కేది కుడికాలితోనే కదా?" అని మొదట అదే రాసుకుంది. కేసు వాదించే అధికారం, అదే వకాల్తా, ఆవిడకే ఇచ్చాం.