ముసలి పిల్లి బొచ్చు, చర్మం: నాలుగేళ్లు వాడి చూసిన సరంజామా

పదహారేళ్ల నాటు పిల్లి, 4 కిలోలు, పొట్టి బొచ్చు, ఇల్లు దాటి వెళ్లదు. నాలుగేళ్లుగా దాని మీద వాడిన వాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసింది స్టీలు దువ్వెన. మిగతావన్నీ దాని తర్వాతే. పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు పిల్లి అయితే దువ్వే సమయం రెట్టింపు చేసుకోండి.

దువ్వెనలు రెండు కావాలి. ఒకదానికి పళ్లు ఎడంగా, మొనలు గుండ్రంగా ఉండాలి. రెండోది మన ఈర్పెనలా పళ్లు దగ్గరగా ఉన్నది. ప్లాస్టిక్‌వి వద్దు, పళ్లు వంగిపోయి ఫ్లీలు (బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగులు) సందుల్లోంచి జారిపోతాయి. వంకర తీగెల బ్రష్షు వయసులో ఉన్న పిల్లికి బాగానే ఉంటుంది గానీ, వెన్నెముక తేలిన ముసలి పిల్లికి చర్మం గీరుకుపోతుంది. రబ్బరు గ్లవ్ పైపైన ఊడిన బొచ్చు మాత్రమే తీస్తుంది. అడుగున కట్టిన ఉండ అలాగే ఉంటుంది.

చూడాల్సిన చోట్లు నడుము, తోక మొదలు, వెనక తొడలు. కీళ్లు పట్టేసిన పిల్లి ఒళ్లు మెలితిప్పి అంతవరకూ నాక్కోలేదు. పిల్లి నాలుక మీది ముళ్లే దాని దువ్వెన. అది అందనిచోట చచ్చిన వెంట్రుకలు, జిడ్డు, పొలుసులు కలిసి పేరుకుంటాయి. నడుము మీద బొచ్చు పాయ తీసి వెలుతురులో చూడండి. పది పదిహేను వెంట్రుకలు కలిసి తడి కుంచెలా మొన తేలి, మొదళ్లలో తెల్ల పొలుసులు కనిపిస్తే అది ఉండ కట్టడానికి ముందు దశ. వేలికి జిడ్డు కూడా తగులుతుంది. ఆ దశలో పట్టుకుంటే రోజూ మూడు నాలుగు నిమిషాల పని. వదిలేస్తే నెలలో అట్ట కడుతుంది, అడుగున చర్మం చెమ్మగిల్లి పుండు పడుతుంది, పిల్లి అడుగు వేసినప్పుడల్లా అట్ట చర్మాన్ని లాగుతుంటుంది.

దువ్వడం బుగ్గల దగ్గర మొదలుపెట్టాలి, అక్కడ దానికి ఇష్టం. తర్వాత వీపు, చివర్లో తొడలు. ఎముకలు తేలినచోట దువ్వెన నిలువుగా గుచ్చకుండా ఏటవాలుగా పట్టుకోండి. చిక్కు తీసేటప్పుడు దాని మొదట్లో వెంట్రుకల్ని రెండు వేళ్లతో అదిమి పట్టుకుంటే లాగుడు చర్మం దాకా పోదు. తోక విసరడం మొదలుపెట్టగానే ఆపేయాలి. మిగిలింది రేపు.

బఠాణీ గింజంత ఉండకి చిటికెడు కార్న్‌ఫ్లోర్ రుద్ది, వేళ్లతో రెండుగా చీల్చి, మొనల వైపు నుంచి దువ్వితే వచ్చేస్తుంది. అంతకంటే పెద్దదైతే ట్రిమ్మరే. 10వ నంబరు బ్లేడు, చర్మం బిగువుగా లాగి పట్టుకుని, బ్లేడు పడుకోబెట్టి నడపాలి. నిమిషానికోసారి బ్లేడు వేడెక్కిందేమో చేత్తో చూసుకోండి. కత్తెర మాత్రం అసలు ముట్టుకోవద్దు. ముసలి చర్మం పల్చన, అట్టతో పాటే గుడారంలా పైకి లేస్తుంది. బొచ్చు అనుకుని కోసింది చర్మం అవుతుంది, కుట్లు పడతాయి.

రెండో దువ్వెనకి అంటిన చెత్తని తడి తెల్ల టిష్యూ మీద దులపండి. నల్ల నలుసుల చుట్టూ తుప్పు రంగు పాకితే అది ఫ్లీల మలం, అంటే జీర్ణమైన రక్తం. ఫ్లీ ఒక్కటీ కంటబడకపోయినా మందు వేయాల్సిందే. మన తేమకి, వేడికి ఏడాది పొడుగునా ఇదే పాట.

ఫ్లీలకి చర్మం మీద వేసే చుక్కల మందుల్లో ఫిప్రోనిల్ 0.5 మి.లీ. పిల్లుల పిపెట్ (ఒక మోతాదు మందు ఉండే చిన్న గొట్టం), సెలామెక్టిన్ రెండూ వాడాను. ఇంట్లోనే ఉండే పిల్లికి నా ఓటు సెలామెక్టిన్‌కే, చెవి పురుగులకి కూడా పనిచేస్తుంది. గోమార్ల బెడద ఉంటే ఫిప్రోనిల్ మేలు. సెలామెక్టిన్ 45 మి.గ్రా. పిపెట్ 2.6 నుంచి 7.5 కిలోల పిల్లికి. ముసలి పిల్లి బరువు చెప్పకుండా తగ్గిపోతుంది కాబట్టి ప్రతిసారీ తూచి వేయండి. మెడ వెనక, నాలుక అందనిచోట, బొచ్చు విడదీసి చర్మం మీదే పడాలి. ఒక్కసారి వేసి పని చేయలేదనే ఫిర్యాదులకి అసలు కారణం పట్టుపురుగులా గూడు కట్టుకుని అందులో ఉన్న పిల్ల ఫ్లీలు. ఆ గూళ్లలోకి ఏ మందూ సరిగా పోదు, అవి వారాల తరబడి బయటికొస్తూనే ఉంటాయి. ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ కనీసం మూడు నెలలు వరసగా, నెలకోసారి వేయాలి, పడక గుడ్డలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. కుక్కల పిపెట్ మిగిలిందని పిల్లికి వేయకండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి పిల్లికి వణుకు, ఫిట్స్ తెప్పించి ప్రాణం తీస్తాయి.

చేపనూనె నిదానం సరుకు. 1000 మి.గ్రా. మామూలు క్యాప్సూల్‌లో ఇపిఎ, డిహెచ్ఎ (చర్మానికి పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు) కలిపి 300 మి.గ్రా. ఉంటుంది. డాక్టరుని అడిగి దాంట్లో సగం తిండిలో కలిపాను. పొలుసులు తగ్గడం ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే కనిపించింది. మొదటి వారమే మొత్తం పోస్తే విరేచనాలు. కాడ్ లివర్ ఆయిల్ వేరు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువై ముప్పు. అవిసె నూనె దండగ, దాన్ని కావాల్సిన రూపంలోకి మార్చుకునే శక్తి పిల్లి ఒంటికి లేదు.

క్లోర్‌హెక్సిడిన్ (సూక్ష్మక్రిముల్ని చంపే మందు) తుడుపు గుడ్డలు తోక మొదట్లో జిడ్డుకి, గడ్డం కింద నల్ల మచ్చలకి బాగున్నాయి. కళ్లలో పడకూడదు, ఆరేదాకా నాకనివ్వకూడదు. మైకొనజోల్ అనే శిలీంధ్రాల మందు కలిసిన షాంపూ, డాక్టరు సూక్ష్మదర్శినిలో ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) చూసి చెప్తేనే. పది నిమిషాలు ఉంచి కడగాలి, ముసలి పిల్లికి ఆ పది నిమిషాలు పెద్ద శిక్షే. గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చ తామర కావచ్చు, మనుషులకీ అంటుకుంటుంది.

వేపనూనె, టీ ట్రీ నూనె, కర్పూరం, డెట్టాల్ నీళ్లు... ఇవన్నీ ఇంట్లో వాళ్లు ప్రేమతోనే రాస్తారు. పిల్లి నాకేస్తుంది, దాని కాలేయం వీటిలో చాలావాటిని సరిగా విరగ్గొట్టలేదు.

ఇన్ని చేసినా ఫలితం లేకపోతే తప్పు వస్తువులది కాదు. బాగా తింటూ సన్నబడి, బొచ్చు రేగి జిడ్డు కారితే టి4 (థైరాయిడ్ హార్మోను) రక్త పరీక్ష చేయించండి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తుండొచ్చు. నీళ్లు ఎక్కువ తాగితే క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగర్ చూడాలి. ఒకే కీలు మీద నాకి నున్నగా చేసుకుంటే అది అక్కడి నొప్పి. తెల్ల చెవుల అంచున మానని పొక్కు క్యాన్సర్ కావచ్చు, వారాలు ఆగొద్దు. దురదకని దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే ముందు షుగర్ చూడమని అడగండి. థైరాయిడ్‌కి మెథిమజోల్ మొదలుపెట్టిన కొద్ది వారాల్లో మొహం, మెడ రక్తాలొచ్చేలా గోక్కుంటే అది చర్మరోగం కాదు, ఆ మందు దుష్ప్రభావం. అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి.

దువ్వడం అయ్యాక రెండు వారాలకోసారి గోళ్లు చూడండి. ముసలి పిల్లి గోరు మందమై, లోపలికి వంగి అరికాలి మెత్తలోకి దిగిపోతుంది. బొటనవేలి గోరు ముందు దిగుతుంది, పైకి కనపడదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది.